తొమ్మిదో పాయింటు

ఆమె మొదటిసారి నా డ్రెస్సింగ్ రూమ్‌లోకి వచ్చినప్పుడు చేతిలో సెల్లోటేపు ఉంది. నమస్కారం లేదు, లోపలికి రావచ్చా అన్న మాటా లేదు. నేరుగా గోడ దగ్గరికి వెళ్ళి, పలకంత అట్ట ఒకటి అంటించి, నాలుగు మూలలా టేపు నొక్కి, రెండడుగులు వెనక్కి వేసి వంకరగా ఉందేమోనని చూసుకుంది.

"సినిమా ఎప్పుడు రిలీజండీ?" అన్నాను.

"ఏ సినిమా?"

"పోస్టర్ అంటిస్తున్నారుగా."

నవ్వలేదు. నా జోక్‌కి నవ్వని మనిషిని ఆ వార్డులో చూడటం నాకు అదే మొదలు. మాది కాలిన గాయాల వార్డు. రోజూ పొద్దున్నే ఒంటికి అంటుకుపోయిన కట్లు విప్పేవాడు నోటికి కాస్త పని చెప్పకపోతే, విప్పించుకునేవాళ్ళు తట్టుకోలేరు. అందుకే ఎనిమిదేళ్ళుగా నా నోరు, నా చేతులు కలిసే డ్యూటీ చేస్తున్నాయి.

"వెనక బిల్డింగ్ ల్యాబ్ నుంచి వచ్చాను," అంది. "మీ మూడో బెడ్ పేషెంటుకి మేం చర్మం పెంచబోతున్నాం. ఇవి దాని జాగ్రత్తలు. పద్నాలుగు పాయింట్లున్నాయి. అన్నీ పాటించాలి, బ్రదర్."

బ్రదర్!

మగ నర్సుని ఆసుపత్రిలో అందరూ అలాగే పిలుస్తారు. డైరెక్టర్ దగ్గర్నుంచి లిఫ్ట్ మనిషి దాకా అందరికీ నేను బ్రదర్‌నే. అంతకుముందు ఎప్పుడూ ఆ పిలుపుతో నాకు పేచీ లేదు. ఆ రోజు మాత్రం, మాస్క్ పైన ఆ రెండు కళ్ళు చూశాక, ఒళ్ళు మండింది. ప్రేమకథలో హీరోయిన్ మొదటి డైలాగే ఇలా ఉంటే హీరో ఏమైపోవాలి?

ముందు మూడో బెడ్ గురించి చెప్పాలి. మా ఆసుపత్రి క్యాంటీన్‌లో ఇరవై ఏళ్ళుగా వంట చేసిన మనిషి ఆవిడ. మా అందరికీ క్యాంటీన్ అత్త. పెద్ద పెద్ద డాక్టర్లని కూడా "ఒరేయ్, చేతులు కడుక్కున్నావా?" అని నిలదీసేది. తన స్టవ్‌కి ఒక కాలు ఊగుతోందని ఏడాది పాటు మొత్తుకుంది. డైరెక్టర్ గారు దాని మీద కమిటీ వేశారు. కమిటీ మూడుసార్లు కూర్చుంది. నాలుగోసారి కూర్చునేలోపు స్టవ్వే కూర్చుంది. బాండీలో మరుగుతున్న నూనె కాళ్ళ మీద పడింది. తప్పించుకోబోయి జారి, అదే నూనెలో వెల్లకిలా పడిపోయింది.

పెద్ద డాక్టర్ గారు అత్త పొట్ట మీద, చేతుల మీద చర్మం తీసి రెండు కాళ్ళకీ అతికారు. వీపు దాకా వచ్చేసరికి తియ్యడానికి ఇంక చర్మం మిగల్లేదు. ఆ తెరుచుకున్న వీపులోంచి రెండుసార్లు ఇన్ఫెక్షన్ పాకి, రెండుసార్లూ అత్త చావు దాకా వెళ్ళి వచ్చింది. "మూడోసారి వస్తే మనిషి దక్కదు," అని పెద్ద డాక్టర్ గారు నన్ను పక్కకి పిలిచి చెప్పారు. అప్పుడే ల్యాబ్ మాట వచ్చింది. అత్త చంక దగ్గర బాగున్న చోటు నుంచి పోస్టల్ స్టాంపంత ముక్క తీసి, మూడు వారాలు పెంచి, వీపంతా కప్పేంత పొరలు చేస్తారట.

"అందచందాలేం వద్దురా నాకు," అంది అత్త. నెలన్నర నుంచి ఆవిడ బోర్లానే ఉంది, మాటలన్నీ దిండులోంచే వచ్చేవి. "వెల్లకిలా పడుకోవాలి. అంతే. ఇలా మంచం కాళ్ళు చూస్తూ ఎన్నాళ్ళు బతకను?"

ఇక ఆ అట్ట సంగతి. మర్నాడు పొద్దున దాన్ని గోడ మీంచి పీకి, వార్డు మధ్యలో నిలబడి, వార్తలు చదివేవాడి గొంతు పెట్టాను.

"ఒకటో పాయింటు. పొరల వద్ద గట్టిగా మాట్లాడరాదు. నాలుగో పాయింటు. పొరలను నొక్కరాదు. ఐదో పాయింటు. పొరలను లాగరాదు. ఆరో పాయింటు. నొక్కుతూ లాగరాదు!"

వార్డు వార్డంతా గొల్లుమంది. నవ్వితే కుట్లు లాగుతాయని ఒకాయన పొట్ట గట్టిగా పట్టుకుని మరీ నవ్వాడు.

"తొమ్మిదో పాయింటు. సెలైన్ తప్ప మరేదీ పోయరాదు. పదో పాయింటు. పొరల ఎదుట తుమ్మరాదు. ఒకవేళ తుమ్ము వచ్చినచో..."

"బయటికి వెళ్ళి తుమ్మి రావలెను," అని పూర్తి చేసింది వెనక నుంచి ఒక గొంతు.

తలుపు దగ్గర ఆమె నిలబడి ఉంది. ఎప్పటి నుంచి ఉందో!

"వీడు నీకు పేరు కూడా పెట్టాడమ్మా," అంది అత్త, ఇలాంటి సమయంలో పుల్ల వెయ్యకపోతే ఆవిడ అత్త ఎలా అవుతుంది? "పద్నాలుగు పాయింట్ల మేడమ్ అట."

"పదిహేనోది కూడా రాస్తాను లెండి," అంది ఆమె. "బ్రదర్ నోరు మూసుకోవలెను."

ఈసారి వార్డు ఇంకా గట్టిగా నవ్వింది. నా అడ్డాలో, నా జనం ముందు, నన్ను నవ్వులపాలు చేసిన మొదటి మనిషి ఆమె. నేను అక్కడికక్కడే పడిపోయాను. పడ్డానని అందరికీ కనిపించింది, ఆమె మాత్రం గోడకి అట్ట మళ్ళీ అంటించే పనిలో ఉంది.

ఆ మూడు వారాలూ ఆమె రోజూ వార్డుకి వచ్చేది. నా కోసం కాదు. అత్త దగ్గర స్టూల్ వేసుకుని, ల్యాబ్ కబుర్లు చెప్పడానికి.

"నిన్న మీరు రెండు ఫ్లాస్కులున్నారు. ఇవాళ నాలుగయ్యారు."

"నాది చిన్నప్పట్నుంచీ లావయ్యే ఒళ్ళే తల్లీ," అనేది అత్త. "అక్కడైనా కాస్త తిండి తగ్గించు నాకు."

"అలా అనకండి. మీకు రోజు విడిచి రోజు కొత్త మేత మారుస్తున్నాను. మీరు బాగా తింటారు."

అత్త ఆడపడుచు ఒకావిడ వారానికోసారి చూడ్డానికి వచ్చేది. చూడ్డానికంటే చూసి నిట్టూర్చడానికి వచ్చేదంటే సరిగ్గా ఉంటుంది. చర్మం పెంచుతున్నారని విని, ఓసారి ఈమెని పక్కకి లాగింది. గొంతు తగ్గించింది గాని, వార్డు మొత్తానికి వినపడింది.

"అమ్మాయ్, ఎలాగూ మీరే పెంచుతున్నారు కదా, కాస్త తెల్లగా పెంచకూడదూ? మా వదిన ముందు నుంచీ రంగు తక్కువే."

"మేం ఆవిడ కణాల్నే పెంచుతామండీ. రంగులు కలిపే పని మాకు చేతకాదు. పెయింట్ షాప్ వాళ్ళకి బాగా తెలుస్తుంది, అడ్రస్ కావాలా?"

ఆడపడుచు గారు మొహం మాడ్చుకుని వెళ్ళిపోయింది. దిండులోంచి అత్త అంతసేపు నవ్వడం నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

ఒకరోజు ధైర్యం చేసి అడిగాను. "ఆ బ్రదర్ అనడం మానెయ్యకూడదా?"

"మరేమని పిలవాలి?"

"ఏదైనా. ఒరేయ్ అన్నా సరే."

"ఒరేయ్ అనాలంటే చనువుండాలి," అని వెళ్ళిపోయింది. కానీ ఆ తర్వాత బ్రదర్ అనడం మానేసింది. ఏమీ అనకుండా "ఇదిగో" అనేది. ఆ "ఇదిగో"తో నేను వారం రోజులు గాల్లో తేలాను. చూసుకోండి, మగాడికి ఎంత తక్కువ చాలో!

పొరలు తెచ్చే రోజు వాన దంచి కొట్టింది. వెనక బిల్డింగ్ నుంచి ఆపరేషన్ థియేటర్‌కి రావాలంటే మధ్యలో ఖాళీ స్థలం దాటాలి. హీరోయిన్ తడుస్తుంటే హీరో గొడుగు పట్టే సీను ముందే మనసులో రాసుకుని ఎదురెళ్ళాను. తీరా చూస్తే ఆమె దగ్గరే గొడుగుంది. దాన్ని చేతిలోని స్టీలు పెట్టె మీద పట్టింది. తను మాత్రం నెత్తి నుంచి చెప్పుల దాకా నీళ్ళోడుతోంది.

"పెట్టెకి మూత ఉందిగా?"

"ఉంది."

"నీళ్ళు కూడా పోవేమో!"

"పోవు."

"మరి దానికెందుకండీ గొడుగు?"

"లోపల అత్త ఉంది," అంది ఆమె, అదేదో మామూలు విషయమైనట్టు.

నా గొడుగు ఆమె మీద పట్టాను. నేను తడిశాను. వెటకారం చెయ్యడానికి నోరు తెరిచి, మొదటిసారి ఏమీ దొరక్క మూసేశాను.

పెద్ద డాక్టర్ గారు ఇరవై నాలుగు పొరలు అత్త వీపు మీద పరిచారు. ఒక్కొక్కటి ఉల్లిపొరంత పలచన. వాటి వెనక అతికించిన గాజ్ గుడ్డని ఏడు రోజులు కదపకూడదు. పైన వేసే కట్టు మాత్రం నేను రోజూ మార్చాలి.

మూడో రోజు కట్టు విప్పుతుంటే ఏదో వాసన తగిలింది. ఉందా లేదా అన్నంత వాసన. నా డ్రెస్సింగ్ రూమ్‌లో ఎనిమిదేళ్ళుగా నా చేతి మీదుగా, అత్తది తప్ప, ఇన్ఫెక్షన్ ముదిరిన కేసు ఒక్కటి లేదు. అది నా గర్వం. పెద్ద డాక్టర్ గారి మాట గుర్తొచ్చింది, మూడోసారి వస్తే మనిషి దక్కదని. చెయ్యి దానంతటదే అయోడిన్ సీసా మీదికి వెళ్ళింది. పై కట్టు మీదే కదా, ఎందుకైనా మంచిదని రెండు మూతలు పోశాను. అది లోపలికి దిగుతుందన్న ఆలోచన కూడా రాలేదు. చార్ట్‌లో రాయలేదు. చేతులు కడుక్కున్నానని ఎవరైనా చార్ట్‌లో రాస్తారా?

ఏడో రోజు పెద్ద డాక్టర్ గారు లోపలి గాజ్ ఎత్తారు. పొరలన్నీ గాజ్‌తో పాటే జారి వచ్చేశాయి. కింద వీపు ఎప్పటిలాగే పచ్చి పుండులా ఎర్రగా ఉంది.

ఆమె ఒక్కొక్క పొరనీ ఫోర్సెప్స్‌తో ఎత్తి లైటుకి అడ్డంగా పెట్టి చూసింది. ఇరవై నాలుగూ చూసింది.

"ఏమైందిరా? ఎవరూ నోరు మెదపరేం?" అంది అత్త.

ఆమే వంగి, అత్త చెవి దగ్గర, "పట్టలేదు అత్తా," అంది.

వార్త డైరెక్టర్ గారికి చేరింది. ఆసుపత్రికి ఏ పెద్దమనిషి వచ్చినా ఆ ల్యాబ్ ఇంక్యుబేటర్ మీద చెయ్యి వేయించి ఫోటో తీయించే డైరెక్టర్ గారికి, హఠాత్తుగా ఆ గది మీద వేరే ప్రేమ పుట్టింది. అక్కడ హెల్త్ చెకప్‌కి వచ్చేవాళ్ళ కోసం లాంజ్ పెడితే ఎలా ఉంటుందని ఆయన ఎప్పటినుంచో అనుకుంటున్నారట. నాలుగు రోజుల్లో మీటింగ్ పెట్టారు.

ఆ నాలుగు రోజులూ ఆమె తప్పు వెతుక్కుంది. నీళ్ళు టెస్ట్ చేయించింది. మందుల సీసాలన్నీ పారబోసింది. ఫ్లాస్కులు మార్చింది. కళ్ళు వాచిపోయి ఉండేవి. అయినా రోజూ వచ్చి అత్త పక్కన స్టూల్ వేసుకుని కూర్చునేది. ఫ్లాస్కుల కబుర్లు మాత్రం లేవు.

రెండో రోజు నేను అత్తకి కట్టు మారుస్తున్నాను.

"ఒరేయ్, ఆ రోజు పోసినట్టు మళ్ళీ పొయ్యకు," అంది అత్త. "మంటెత్తిపోయింది."

"ఏ రోజు?"

"కొత్త తోలు వేసిన మూడో రోజు. చల్లగా ఏదో పోశావు చూడు."

ఫోర్సెప్స్ చేతిలోనే ఆగిపోయాయి. కట్టు పూర్తి చేసి, గోడ దగ్గరికి వెళ్ళి అట్ట చూశాను. తొమ్మిదో పాయింటు. వార్తల గొంతుతో నేను చదివి వినిపించిన లైనే. ఆ రోజు నవ్వినవాళ్ళలో అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

చెప్పెయ్యాలి కదా? ల్యాబ్ తలుపు దాకా వెళ్ళాను. ఆమె తలెత్తి చూసింది. "టీ తాగారా?" అని అడిగి వచ్చేశాను. మర్నాడు మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ టీయే. వార్డులో మూతి విరిచి డైరెక్టర్‌ని కూడా ఏకిపారేసే మొనగాణ్ణి, ఒక ఆడపిల్ల ముందు "తప్పు నాది" అనే రెండు మాటలకి రెండు రోజులు తడుముకున్నాను.

మీటింగ్‌కి నన్ను కూడా పిలిచారు, కట్టు విప్పినప్పుడు చూసింది చెప్పడానికి. పొడుగు బల్ల చుట్టూ తొమ్మిది మంది. ఒకాయన తప్ప అందరూ ఫోన్లు చూసుకుంటున్నారు. ఆ ఒకాయన పెద్ద డాక్టర్ గారు. బల్ల చివర ఆమె.

"ఇరవై ఒక్క రోజులు పెంచారు, ఏడు రోజుల్లో ఊడొచ్చింది," అన్నారు డైరెక్టర్ గారు. "నేను సైన్స్‌కి వ్యతిరేకిని కాదు. కానీ లాంజ్‌కి సోఫాలు కూడా చూసి పెట్టాం."

"ఫ్రీజర్‌లో ఆవిడ కణాలు ఇంకా సగం దాచి ఉంచాను సార్. రెండు వారాలివ్వండి, మళ్ళీ పెంచుతాను. ల్యాబ్ మూసేస్తే అవీ పోతాయి. ఆవిడకి వేరే దారి లేదు."

"తప్పెక్కడ జరిగిందో తెలిసిందామ్మా?"

"లేదు సార్. నా వైపే ఎక్కడో జరిగుంటుంది."

ఆ మాట వినలేకపోయాను. లేచి నిలబడ్డాను, కుర్చీ వెనక్కి పడింది.

"ఆమె వైపు కాదు సార్. నా వైపు. మూడో రోజు నేను అయోడిన్ పోశాను. పొయ్యొద్దని అట్ట మీద రాసి ఇచ్చారు. నేను దాన్ని చదివి నవ్వులాటగా తీసుకున్నాను. ఆ పొరలు పట్టకపోవడానికి కారణం నేనే."

చూసుకుంటున్న ఫోన్లన్నీ పక్కకి వెళ్ళాయి. పెద్ద డాక్టర్ గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. డైరెక్టర్ గారి మొహంలో అసలు బాధ నా మీద కాదు, సోఫాల మీద. చివరికి ల్యాబ్‌కి రెండు వారాలు దొరికాయి. నన్ను డ్రెస్సింగ్ నుంచి తీసేసి దుప్పట్ల స్టోర్‌కి పంపారు.

ఆమె వరండాలో నా కోసం ఆగింది. థాంక్స్ చెబుతుందేమో అనుకున్నాను. నా మొహం!

"ఎప్పుడు తెలిసిందిరా నీకు?"

"మొన్న."

"మొన్న! రెండు రోజులు! ఆ రెండు రోజులూ నేను ఏం చేశానో తెలుసా? నా చేతుల్ని నేనే నమ్మలేక, పైపెట్ పట్టుకోవడానికే జంకాను. రోజూ వచ్చి టీ తాగారా అని అడిగావు! పదిమంది ముందూ లేచి హీరో అయ్యేబదులు, ముందు నాకొక్కదానికి చెప్పలేకపోయావా?"

"క్షమించు," అన్నాను. అంత తిట్టులోనూ ఆ "రా" విని లోపల ఎక్కడో సంతోషించిన నన్ను చూస్తే నాకే అసహ్యం వేసింది.

"నాతో రా," అంది.

ల్యాబ్‌లో నన్ను మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టింది. చూశాను. రాళ్ళు పరిచిన బాటలా, సందు లేకుండా పక్కపక్కనే ఒత్తుకుని ఉన్న కణాలు.

"పారెయ్యాల్సిన డిష్‌లో మిగిలినవి. ఇవీ అత్తవే," అంటూ ఒక చుక్క అయోడిన్ వేసింది. "కళ్ళు తిప్పకు."

తిప్పలేదు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఒకదాన్నొకటి పట్టుకున్నవి వదిలేశాయి, గుండ్రంగా ముడుచుకున్నాయి, తేలిపోయాయి. నేను తల ఎత్తలేదు, ఎందుకంటే కంట్లోంచి నీళ్ళు కారుతున్నాయి, అవి మైక్రోస్కోప్ మీద పడితే దానికి ఇంకో పాయింటు రాస్తుంది.

ముక్కు తుడుచుకున్నాక అన్నాను. "ఒకటి చెబితే కొట్టవుగా?"

"చెప్పు."

"తప్పు నాదే, అందులో అనుమానం లేదు. కానీ మనిషిని చంపే పాయింటుని తుమ్ము పాయింటు పక్కన పెడితే ఎలా? గట్టిగా మాట్లాడొద్దనేది ఒకటోది, ఇది తొమ్మిదోదా? పద్నాలుగూ ఒకే సైజులో రాస్తే, చదివేవాడికి పద్నాలుగూ ఒకటే."

కొడుతుందనే అనుకున్నాను. ఆమె కొత్త అట్ట, లావు స్కెచ్ పెన్ను నా ముందు పెట్టింది.

"అయితే నువ్వే రాయి. వార్డు వాళ్ళకి అర్థమయ్యేట్టు."

రాశాను. "సెలైన్ తప్ప ఇంకేదైనా పోశావో, అత్త చేతిలో చచ్చావే." అంతే. ఆమె చదివి, నాకు కనబడకుండా పక్కకి తిరిగింది. భుజాలు కదిలాయి. నా జోక్‌కి ఆమె మొదటిసారి నవ్వింది, చూసే భాగ్యం మాత్రం నాకు లేకపోయింది.

రెండు వారాలు దుప్పట్లు మడతపెట్టాను. పొరలు సిద్ధమయ్యే ముందు రోజు పెద్ద డాక్టర్ గారి నుంచి పిలుపు.

"రేపట్నుంచి అత్త కట్లు నువ్వే మార్చాలట," అన్నారు.

"ఎవరన్నారు సార్?"

"ల్యాబ్ అమ్మాయి. ఈ ఆసుపత్రిలో ఇంక జన్మలో అయోడిన్ ముట్టనివాడు ఒక్కడే ఉన్నాడు, వాడే కావాలని నా గది ముందు గంట కూర్చుంది."

ఈసారి ఏడు రోజులూ నేను తుమ్ము కూడా ఆపుకున్నాను. మూడో రోజు మళ్ళీ అదే వాసన. చెయ్యి ఈసారి సీసా వైపు వెళ్ళలేదు, ఫోన్ వైపు వెళ్ళింది. ఆమె పరిగెత్తుకొచ్చి, వంగి వాసన చూసి, "గాజ్‌కి రాసిన జిడ్డు మందు వాసనరా ఇది," అంది. "పోయినసారి కూడా ఇదేనా?" ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. వాసనొస్తే కంగారుపడొద్దని ఆమె ఏ పాయింటులోనూ రాయలేదు. వాసనొచ్చిందని నేను ఆమెకి చెప్పలేదు. మా ఇద్దరి తెలివీ కలిసి అత్త ప్రాణం మీదికి తెచ్చింది.

ఏడో రోజు గాజ్ ఎత్తమని పెద్ద డాక్టర్ గారు ఫోర్సెప్స్ నా చేతికిచ్చారు. మెల్లగా ఒక మూల ఎత్తాను. గాజ్ ఒక్కటే వచ్చింది. కింద పలచగా, గులాబీ రంగులో, మెరుస్తూ చర్మం అక్కడే ఉంది. రెండోది ఎత్తాను. ఉంది. మూడోది ఉంది.

"ఒరేయ్, ఈసారైనా చెబుతారా, లేక నేనే లేచి అద్దంలో చూసుకోవాలా?"

"పట్టింది అత్తా!" అని అరిచాను. పొరల దగ్గర అరవకూడదని కూడా గుర్తు రాలేదు.

"ఇరవై నాలుగింటిలో పందొమ్మిది పట్టాయి," అంది ఆమె. ఆ సంబరంలోనూ లెక్క తప్పలేదు. "మిగిలిన ఐదు చోట్లా పక్కల నుంచి పాకుతుంది. నెల పడుతుంది."

తర్వాత ఇద్దరం పక్కపక్కన సింక్ దగ్గర చేతులు కడుక్కుంటున్నాం. మాస్కులు తడిసిపోయి ఉన్నాయి.

"నువ్వంటే నాకు ఇష్టం," అన్నాను. "దీన్ని కూడా దాచిపెట్టి రోజూ టీ తాగావా అని అడగడం నావల్ల కాదు. అందుకే ముందు నీకొక్కదానికే చెబుతున్నాను."

"తెలుసు."

"తెలుసా?"

"నాకు కళ్ళున్నాయి కదరా." కుళాయి కట్టేసింది. "నాకూ ఇష్టమే. నీ నోరంటేనే భయం. అది ఎవరి మీద ఎప్పుడు నవ్వుతుందో తెలీదు."

"ఇక నుంచి నీ మీద నవ్వితే నాలుగు దుప్పట్లు మడతపెడతాను."

"నా మీద నవ్వు, పర్లేదు. నేను రాసినదాని మీద నవ్వే ముందు ఒకసారి చదువు." అని టవల్ నా మొహాన కొట్టింది. "ఆ ఐదూ మూసుకుని అత్త వెల్లకిలా పడుకునేదాకా మన సంగతి ఎవరి దగ్గరా ఎత్తకు."

ఐదు వారాలు నేను ఆ మాట మీద నిలబడ్డాను. వార్డులో నా మౌనం చూసి కొందరు నాకే ఏదో జబ్బు చేసిందనుకున్నారు.

ఆ ఐదూ మూసుకున్న రోజు మెత్తటి పరుపు వేసి, పెద్ద డాక్టర్ గారు తల వైపు, ఆమె ఒక పక్క, నేనూ ఇంకో సిస్టరూ రెండో పక్క పట్టుకుని, అంగుళం అంగుళంగా అత్తని తిప్పాం. వీపు పరుపుకి ఆనింది. అత్త ఊపిరి బిగపట్టింది. మేమూ బిగపట్టాం. తర్వాత మెల్లగా వదిలింది.

"ఆ ఫ్యానుకి అంత దుమ్మేంట్రా? ఎవరూ తుడవరా?" అంది.

పెద్ద డాక్టర్ గారు నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. అత్త తల తిప్పి ఆమెని పై నుంచి కిందికి చూసింది. తర్వాత నన్ను. కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"దగ్గరికి రండి ఇద్దరూ. నా వీపు మీద మీరు గుసగుసలాడుకున్నవన్నీ నాకు వినబడ్డాయి. నాకేం చెవులు కాలలేదు. నాకు పిల్లల్లేరు, మీ ఇద్దరినీ నేనే అడగాలి. ఈ పిల్ల బంగారం. వీడు వెధవే గాని, తప్పు చేస్తే ఒప్పుకునే వెధవ. అలాంటివాళ్ళు దొరకరు. ఇప్పుడు తిన్నగా చెప్పండి, పెళ్ళి చేసుకుంటారా, లేక నన్ను ఇంకా..."

మాట అక్కడ ఆగింది. కంగారుగా వంగి చూశాను. రొమ్ము నెమ్మదిగా లేస్తూ దిగుతోంది. నోరు సగం తెరుచుకునే ఉంది. అత్త నిద్రపోయింది, నాలుగున్నర నెలల తర్వాత వెల్లకిలా.

ఆమె పెదవుల మీద వేలు పెట్టి, నాకు వెళ్దామని సైగ చేస్తుందనుకున్నాను. స్టూల్ లాక్కుని కూర్చుంది.

"అడిగింది కదా, చెప్పకుండా వెళ్తే బాగోదు," అంది గుసగుసగా. "లేచేదాకా కూర్చుందాం."

నేను ఇంకో స్టూల్ తెచ్చుకున్నాను. "లేచాక ఏం చెబుదాం?"

"చేసుకుంటామనే," అంది.

అత్త మూడు గంటలు లేవలేదు. మేమూ లేవలేదు.